బొంగురు గొంతు, వదలని దగ్గు: నెల్లూరు తీరం నుంచి ఒక పాత కథ

తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరే వేళకు మీరెప్పుడైనా మైపాడు తీరానికి వెళ్లి ఉంటే, అలల హోరును మించి వినిపించే గొంతు ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. అది వేలం పాట పాడేవారి గొంతు. వేలాన్ని మన భాష 'పాట' అనడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. ఇసుకపై కుప్పగా పోసిన వంజరం, చందువ, రొయ్య. చుట్టూ మూగిన వ్యాపారులు. గంపలతో వచ్చిన ఆడవారు. ఆ గోలనంతటినీ దాటి, సముద్రపు గాలికి ఎదురు నిలిచి, మైకు సాయం లేకుండా ధరను పెంచుకొంటూ పోవలసింది ఒక్కడే.

అలా ఎన్నో ఏళ్లపాటు పాట పాడిన ఒకాయన, నేను వృత్తిలో ఉన్న చివరి సంవత్సరాలలో నా వద్దకు వచ్చారు. సమస్య చెప్పింది ఆయన కాదు, ప్రక్కన కూర్చున్న భార్య. "ఐదు నెలల నుంచి దగ్గు సార్. మూడు నెలలైంది, గొంతే రావడం లేదు" అన్నారామె. ఆయన తన గొంతును చేతితో తాకి చూపించి తల అడ్డంగా ఊపారు. సంచిలోనుంచి ఖాళీ దగ్గు మందు సీసాలు, సగం వాడిన యాంటీబయాటిక్ మాత్రల పట్టీలు, ఒక పొట్లంలో కరక్కాయ పొడి బయటికి వచ్చాయి. ఇంతవరకు ఎవరైనా గొంతులోపల చూశారా అని అడిగాను. చూశారట. నోరు తెరిపించి, నాలుకను అదిమి, టార్చి వేసి చూశారట.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నోటిలోకి టార్చి వేస్తే కనిపించేది కొండనాలుక, టాన్సిల్స్, వెనుక గోడ. అంతే. శబ్దం పుట్టే చోటు నాలుక మొదలుకు వెనుక, మలుపు తిరిగి క్రిందికి ఉంటుంది. నేరుగా చూచే కంటికి అది అందదు. ఆ మలుపు ఆవల ఏముందో బ్రతికి ఉన్న మనిషిలో చూడగలగడం 19వ శతాబ్దం మధ్యలో గాని సాధ్యపడలేదు. సాధ్యపడి నూట డెబ్బది ఏళ్లు కావస్తున్నా, గొంతు పోయినవారిలో చాలామందికి ఆ చూపు దక్కక మునుపే మందులు దక్కుతున్నాయి. ఈ వ్యాసం ఆ చూపు కథ.

చూడలేని కాలంలో మన పూర్వులు చెవితో విని, రోగి చరిత్రను అడిగి తెలుసుకొన్నారు. వారు విన్నది తక్కువేమీ కాదు. గొంతు మారడాన్ని ఆయుర్వేదం 'స్వరభేదం' అన్నది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మిక్కిలి బిగ్గరగా మాట్లాడడం, ఎడతెగని పఠనం, విషం, దెబ్బ అని కారణాలు చెప్పి, ఆరు విధాలుగా విభజించారు. అందులో క్షయం వలన కలిగేది ఒకటి. చరకుడు మరొక దారి పట్టాడు. ఆయన స్వరభేదాన్ని రాజయక్ష్మ చికిత్స చెప్పే అధ్యాయంలోనే చేర్చి, దాని కారణాలలో దగ్గు తీవ్రతను కూడా లెక్కించాడు. అంటే దగ్గు గొంతును చెడగొడుతుందన్న గమనిక, క్షయకు గొంతుకు సంబంధం ఉందన్న గమనిక, రెండూ అంత పాతవి. ప్రాచీన గ్రంథాలలో అన్నీ ఉన్నాయని వాదించేవారిలో నేను లేను. కాని ఈ రెండు విషయాలలో వారి వినికిడికి నమస్కరించక తప్పదు.

బిగ్గరగా మాట్లాడడం, ఎడతెగని పఠనం అన్న మాటలు చదివినప్పుడు నాకు నెల్లూరు గుర్తుకు వస్తుంది. గొంతుతో బ్రతికినవారు ఈ సీమలో ఎందరో. వేదం వల్లించే పిల్లలు, రాత్రంతా తెర వెనుక పద్యాలు పాడే తోలుబొమ్మలాటవారు, వీధి బడుల పంతుళ్లు, హరికథకులు. హరికథ అంటే ఏమిటో ఈ తరం పాఠకులకు కొంచెం చెప్పాలి. కాళ్లకు గజ్జెలు, చేత చిరుతలు, ఒంటరిగా నిలబడి పాట, పద్యం, వచనం, నృత్యం, నవ్వు, ఏడుపు అన్నీ ఒక్క గొంతులోనే పలికించాలి, గంటల తరబడి. హరికథా పితామహుడని పేరు పొందిన ఆదిభట్ల నారాయణదాసు 1864లో పుట్టి 1945లో కన్నుమూశారు. ఆయన జీవితంలో అధిక భాగం మైకు లేని కాలమే. ఊరి చివర కూర్చున్నవాడికి వినిపించకపోతే ఆ కథకునికి మరుసటి ఏడు పిలుపు ఉండదు. కథ ముగిసిన మరునాడు గొంతు బొంగురుపోతే మిరియాల పాలు, అతిమధురం, పటికబెల్లం, ఆపైన మౌనం. వీటిలో నిజంగా పని చేసింది మౌనమేనని నా అభిప్రాయం. మనం మింగినది ఏదైనా అన్నవాహికలోకి పోతుంది, స్వరపేటికలోకి పోదు. పొరపాటున ఒక చుక్క అటు పోతే ఉక్కిరిబిక్కిరై దగ్గుతాము. కనుక తేనె గాని, చల్లని నీరు గాని గొంతు మడతలను తాకనే తాకవు. వెచ్చని పానీయం పై భాగాన హాయినిస్తుంది, శరీరానికి నీరు అందిస్తుంది. ఆ మేలు చాలు, అంతకు మించి ఆశించరాదు.

'మడతలు' అన్నాను. మన పాఠ్యపుస్తకాలలో మీరు చదివినది 'స్వరతంత్రులు' అని. ఆ మాట వెనుక ఒక ఫ్రెంచి వైద్యుని పొరపాటు ఉంది. ఆంట్వాన్ ఫెరాన్ అనే శరీర శాస్త్రజ్ఞుడు 1741లో, గొంతులోని ఈ అంచులు వయొలిన్ తీగెల వంటివని, ఊపిరి వాటిని కమానులా మీటుతుందని ఊహించి, వాటికి తీగెలు అని పేరు పెట్టాడు. యూరపు భాషలన్నిటికీ ఆ పేరు పాకింది, అక్కడినుంచి మన 'తంత్రి'లోకి వచ్చింది. వీణ ఇంట ఉన్న జాతికి ఆ పోలిక వెంటనే నచ్చి ఉంటుంది. కాని అవి లాగి కట్టిన తీగెలు కావు. శ్వాసనాళం పైభాగాన కుడి ఎడమల ఉన్న రెండు మెత్తని మడతలు. ఊపిరి తీసేటప్పుడు విడిపోతాయి, మాట్లాడేటప్పుడు చేరువై క్రింది గాలికి కంపిస్తాయి. పురుషులలో సెకనుకు సుమారు నూరు సార్లకు పైగా, స్త్రీలలో సుమారు 200 సార్లు. ఒక స్త్రీ ఆగకుండా ఒక్క నిమిషం రాగం తీస్తే, ఆ రెండు మడతలు పన్నెండు వేల సార్లు ఒకదానినొకటి తాకుతాయన్నమాట. లెక్క వేసి చూసుకోండి, ఒక టీచరమ్మ దినచర్య మీకు వేరుగా కనిపిస్తుంది.

ఇక ఆ మలుపు ఆవలికి తొలిసారి చక్కగా తొంగిచూసినవాడు వైద్యుడు కాదు, సంగీతం మాస్టారు. 1805లో పుట్టిన మాన్యుయెల్ గార్సియా స్పెయిన్ దేశపు గాయక కుటుంబంవాడు. పారిస్‌లోను, పిమ్మట లండన్‌లోను పాట నేర్పాడు. శిష్యుల గొంతు ఎలా పుడుతుందో చూడాలన్న తపన ఆయనను వదలలేదు. 1854లో పారిస్‌లో ఉండగా, కిటికీ అద్దాలపై మెరిసిన ఎండ చూసి ఆయనకు ఉపాయం తోచిందంటారు. పళ్ల వైద్యులు వాడే పొడుగు కాడ చిన్న అద్దాన్ని కొని, వేడి నీటిలో వెచ్చజేసి, తన కొండనాలుకకు ఆనించి, చేతి అద్దంతో ఎండను దానిపై పడేలా చేశాడు. కంపిస్తున్న తన మడతలు తనకే కనిపించాయి. మరుసటి ఏడు, 1855లో, ఆ పరిశీలనలను లండన్ రాయల్ సొసైటీకి సమర్పించాడు. వైద్యులు మొదట పెద్దగా పట్టించుకోలేదు. మూడు నాలుగేళ్లలో వియన్నాలో టుర్క్, పెస్ట్ నగరంలో చెర్మాక్ ఆ అద్దాన్ని రోగుల వద్దకు తెచ్చారు. ఐరోపా చలికాలంలో ఎండ కరువు కనుక చెర్మాక్ దీపపు వెలుగును వాడాడు. మన నెల్లూరు ఎండను తలచుకొన్నప్పుడల్లా, ఈ అద్దం ఇక్కడ పుట్టవలసింది కదా అని నవ్వుకొంటాను. గార్సియా నూటొకటవ ఏడు వచ్చేదాకా జీవించాడు. 1905లో ఆయన నూరవ పుట్టినరోజుకు లండన్‌లో చేరి సన్మానించినవారిలో ప్రపంచపు గొంతు వైద్యులు ఎందరో ఉన్నారు.

అద్దం చేతికి వచ్చిన తరువాత వైద్యులు చూసినదేమిటి? ఎక్కువగా చూసింది క్షయ. వదలని దగ్గు, బొంగురు గొంతు కలిసి వచ్చాయంటే ఆ రోజులలో మొదటి అనుమానం స్వరపేటిక క్షయ మీదికే పోయేది. ఊపిరితిత్తులలోని క్రిములు కఫంతో పైకి వచ్చి మడతలపై పుండ్లు చేసేవి. మాట నొప్పి, మింగుడు మరీ నొప్పి. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1924 జూన్ 3న వియన్నా సమీపంలోని కీర్లింగ్ ఆరోగ్యశాలలో మరణించింది ఈ వ్యాధితోనే. మాట్లాడరాదన్న వైద్యుల ఆజ్ఞ మేరకు చివరి వారాలలో ఆయన కాగితపు ముక్కలమీద వ్రాసి సంభాషించేవాడు. మింగలేకపోవడం వలన ఆయనను కృశింపజేసినది ఆకలి కూడా.

మన వైపు కథ మదనపల్లె దగ్గర మొదలవుతుంది. అక్కడి ఆరోగ్యవరంలో 1915లో క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ ఆరోగ్యశాలకు డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ తొలి అధిపతి. 1928లో డాక్టర్ చౌరీ ముత్తు మద్రాసు ప్రక్కన తాంబరంలో మరొకటి ప్రారంభించారు. నెల్లూరు తీరంవారికి రైలెక్కితే చేరువైనది అదే. మందు లేని కాలం కనుక ఆరోగ్యశాల అంటే గాలి, వెలుతురు, పౌష్టికాహారం, విశ్రాంతి. గొంతుకు సోకినవారికి ప్రపంచమంతటా ఒకే అదనపు చికిత్స, మౌనం. నెలల తరబడి మౌనం. గుసగుస కూడా కూడదు. పలక, బలపం, సైగలు. హరికథకుని ఇంట ఒక రాత్రి చిట్కాగా ఉన్నది ఇక్కడ శాసనమైంది. గొంతుతో పొట్ట పోసుకొనేవాడికి ఆ శాసనం ఎంత ఖరీదైనదో ఊహించండి. ఇంటికి డబ్బు రాదు, బయటికి చెప్పుకోలేడు. దగ్గును, గొంతును దాచిపెట్టే అలవాటు మన ఊళ్లలో అక్కడే వేళ్లూనుకొన్నదని నేను భావిస్తాను. పెళ్లి కావలసిన ఆడపిల్ల దగ్గితే తల్లి ముఖం మాడిపోవడం నా చిన్ననాట స్వయంగా చూశాను.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. దాని వెంట మరి కొన్ని మందులు వచ్చాయి. క్షయ రూపాలలో మందుకు త్వరగా లొంగిన వాటిలో స్వరపేటిక క్షయ ఒకటి. కొన్ని వారాలలోనే మాట తిరిగి రావడం చూసి అప్పటి వైద్యులు ఆశ్చర్యపడ్డారు. ఆపైన 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం నెలకొన్నది. బీద, ఇరుకు ఇళ్లలోని రోగులకు ఇంటివద్దనే మందులిస్తే, ఆరోగ్యశాలలో ఉంచిన వారితో దాదాపు సమానంగా కోలుకొన్నారని, ఇంటివారికి అదనంగా వ్యాధి సోకలేదని 1959లో ప్రకటించిన ఫలితాలు తేల్చాయి. ప్రపంచమంతటా ఆరోగ్యశాలల అవసరం తగ్గడానికి మన ప్రక్క నగరంలో జరిగిన ఆ పని ఒక ప్రధాన కారణం. మనవారికి ఇది తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

క్షయ పోలేదు సుమా. రెండు వారాలు మించిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలన్న ప్రభుత్వ నియమం ఊరికే లేదు. ముఖ్యంగా గూడూరు ప్రాంతపు అభ్రకం గనులలోను, కోట, చిల్లకూరు మండలాల సిలికా ఇసుకలోను పని చేసినవారు దీనిని మరువరాదు. సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరినవారికి క్షయ ముప్పు మరింత ఎక్కువ. అయితే క్షయ భయం సన్నగిల్లిన కొద్దీ ఒక వింత జరిగింది. గొంతు బొంగురుపోతే వెంటనే అద్దం పట్టి చూసే అలవాటు కూడా దానితో పాటే సన్నగిల్లింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు చెవి, ముక్కు, గొంతు విభాగంలో నుదుట గుండ్రని అద్దం కట్టుకొని, చిన్న అద్దాన్ని స్పిరిటు దీపంపై వెచ్చజేసి, వేడిని నా చేతి వెనుక తాకించి చూసుకొని, రోగి నాలుకను గుడ్డతో పట్టి, "ఈ..." అనమనేవాడిని. ఆ నిపుణత్వం వైపు నేను పోలేదు. సాధారణ వైద్యునిగా స్థిరపడిన తరువాత ఆ అద్దం నా బల్ల సొరుగులో తుప్పు పట్టింది. దాని స్థానాన్ని దగ్గు మందు సీసా ఆక్రమించింది. ఈ మాట నన్ను కూడా కలుపుకొనే చెబుతున్నాను.

దగ్గుకు, గొంతుకు ఉన్న లంకె ఇప్పుడు చూద్దాం. జపాను వైద్యుడు మినోరు హిరానో 1974లో గొంతు మడతల నిర్మాణాన్ని పొరలు పొరలుగా వివరించాడు. లోపల కండరం, పైన జిగురు వంటి మెత్తని పొర, దానిపై పలుచని చర్మం. కంపించేది ముఖ్యంగా పై పొరలే. దగ్గేటప్పుడు మడతలు గట్టిగా మూసుకొని, క్రింద ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా విచ్చుకొంటాయి. రోజంతా ఇలా దెబ్బ మీద దెబ్బ తగిలితే పై పొర వాస్తుంది. దానిమీద మళ్లీ అరిస్తే చిన్న రక్తనాళం చిట్లి నీటి తిత్తి వంటి పాలిప్ రావచ్చు. ఎడతెగని రాపిడి వలన రెండు వైపులా కాయలు కాయవచ్చు. కూలివాని అరచేతిలో కాయలు కాచినట్లే. వాచిన మడతలకు చిన్న ఆవిరి, పొగ, వాసన కూడా దురదగా తోచి దగ్గు వస్తుంది. దగ్గు గొంతును చెడగొడితే, చెడిన గొంతు దగ్గును పిలుస్తుంది. రెండింటినీ కలిపి చూడని వైద్యం ఒక వైపు తోడి మరో వైపు పోసినట్లవుతుంది.

ఈ సందర్భంలో మన నెల్లూరు బిడ్డను తలచుకోకుండా ఎలా? ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి నెల్లూరు హరికథకులు. తిప్పరాజువారి వీధిలోని వారి ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం అప్పగించారు. 1966లో మొదటి సినిమా పాట పాడిన ఆ గొంతు, నడుమ ఒక దశలో స్వరతంత్రుల శస్త్రచికిత్సకు లోనైంది. ఆ విషయం ఆయన దాచలేదు, బహిరంగంగానే చెప్పుకొన్నారు. ఒకప్పుడు పొగ త్రాగేవాడినని, దానిని మానానని కూడా చెప్పారు. చల్లని నీళ్లు, ఐస్‌క్రీమ్ మాత్రం మానలేదని నవ్వేవారు. శస్త్రచికిత్స తరువాత కూడా ఆయన ఏళ్ల తరబడి పాడారు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా మీ ముందుంచాలి. ప్రఖ్యాత నటి, గాయని జూలీ ఆండ్రూస్ 1997లో గొంతు శస్త్రచికిత్స అనంతరం తన గాన స్వరాన్ని కోల్పోయారు. ఆ ఇద్దరి నడుమ ఉన్న తేడా అదృష్టం ఒక్కటే కాదు, కాని మనం బయటినుంచి తీర్పు చెప్పలేము. మనకు తెలిసినది ఇంతే. 1960ల నుంచి జర్మనీలో క్లైన్‌సాసర్ వంటివారు సూక్ష్మదర్శినిని గొంతు శస్త్రచికిత్సకు తెచ్చి, పై పొరను దాటకుండా కోయడానికి వీలు కల్పించారు. అయినా లోపలి పొరలో మచ్చ పడితే ఆ మడత మునుపటిలా కంపించదు. అందుకే కాయలకు మొదటి చికిత్స కత్తి కాదు, గొంతును వాడే తీరు మార్చుకోవడం.

గొంతు మారడానికి కారణం గొంతులోనే ఉండనక్కరలేదన్నది మరొక పాత పాఠం. రెండవ శతాబ్దపు రోము నగరంలో వైద్యుడు గాలెన్, అరుస్తున్న పందిని అందరి ఎదుట కట్టి పడవేసి, దాని మెడలో రెండు సన్నని నరాలను బంధించాడు. పంది గింజుకొంటూనే ఉంది, అరుపు మాత్రం ఆగిపోయింది. ఆ నరాలు మెదడు దగ్గర బయలుదేరి, గొంతును దాటి ఛాతీ వైపు దిగి, అక్కడ పెద్ద రక్తనాళాలను చుట్టుకొని తిరిగి పైకి వస్తాయి. ఎడమది బృహద్ధమనిని చుట్టి వస్తుంది. కాబట్టి ఊపిరితిత్తి పైభాగాన గడ్డ లేచినా, గుండె కవాటం పూడుకొని ఎడమ కర్ణిక ఉబ్బినా, థైరాయిడ్ శస్త్రచికిత్సలో నరానికి దెబ్బ తగిలినా, మొదట చెప్పేది గొంతే. గుండె జబ్బుతో గొంతు బొంగురుపోవడాన్ని వియన్నా వైద్యుడు ఓర్ట్‌నర్ 1897లో వర్ణించాడు. కీళ్లవాత జ్వరం విరివిగా ఉన్న రోజులలో మన ఆసుపత్రులలో ఇది అపురూపం కాదు. ఇలా ఒక మడత చచ్చుబడినవారికి దగ్గు కూడా బలహీనమవుతుంది, నీరు త్రాగితే పొరపోతుంది, దానితో మళ్లీ దగ్గు. ఇటువంటి వారికి దగ్గు మందు ఎన్ని సీసాలు పోసినా ఏమి లాభం? పడిపోయిన మడతను మధ్యకు జరిపే చికిత్సలు ఉన్నాయి. జపానులో ఇష్షికి 1974లో ప్రకటించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రక్తపోటుతో వచ్చిన ఒక ఉపాధ్యాయురాలికి ఎనలాప్రిల్ వ్రాశాను. కొన్ని వారాలకు పొడి దగ్గు మొదలైంది, తరువాత గొంతు. ఎక్స్‌రే తీయించాను, కఫం పరీక్ష చేయించాను, ఆమ్లం తగ్గే మాత్రలు ఇచ్చాను. నాలుగు నెలలు ఆమె నల్లబల్లపై వ్రాసి, సైగలతో పాఠం చెప్పారు. చివరికి నా వద్ద పని నేర్చుకొంటున్న ఒక కుర్ర డాక్టరు, "సార్, ఆ బీపీ మాత్ర మార్చి చూద్దామా?" అని సందేహంగా అడిగాడు. ఆ జాతి మాత్రలు కొందరిలో పొడి దగ్గు తెస్తాయని నేను చదువుకొన్నవాడినే. మార్చిన కొన్ని వారాలకు దగ్గు తగ్గింది, ఆపైన గొంతు కుదుటపడింది. ఇది చదివి ఎవరూ తమంతట తాము రక్తపోటు మాత్ర ఆపకండి, మీ వైద్యునితో చెప్పి మార్పించుకోండి. నేను చెప్పదలచినది వేరు. నేను నాలుగు నెలలూ జబ్బు కోసం వెదికాను, నా చీటీని మాత్రం తిరిగి చదవలేదు.

మౌనం కథకు ఒక కొత్త మలుపు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఎన్ని మందులు వాడినా దగ్గు తగ్గని 87 మందిని తీసుకొని, సగం మందికి మాట చికిత్స నిపుణుల శిక్షణ, తక్కిన సగానికి సాధారణ ఆరోగ్య సలహాలు ఇచ్చి పోల్చారు. వెర్టిగన్, ఆమె సహచరులు 2006లో ప్రకటించిన ఫలితం ప్రకారం, శిక్షణ పొందినవారిలో 88 శాతం మంది, తక్కినవారిలో 14 శాతం మంది బాగుపడినట్లు తేలింది. శిక్షణ అంటే గొప్ప రహస్యమేమీ కాదు. గొంతులో దురద పుట్టగానే దగ్గకుండా ఒక గుక్క నీరు మింగడం, ముక్కుతో పీల్చి పెదవులు సన్నగా చేసి వదలడం, ఊరికే సకిలించే అలవాటు మానడం, తగినంత నీరు త్రాగడం, అరవకుండా మాట చేరవేయడం. దీనికి ముందు, దగ్గుకు ఆస్తమా, ముక్కు వెనుక కారే చీమిడి, క్షయ, పొగ, మాత్రలు వంటి కారణాలు లేవని చూసుకోవాలి. ఆరోగ్యశాలల సంపూర్ణ మౌనం ఇక్కడ లేదు, గొంతును తెలిసి వాడడం ఉంది. బలవంతపు గుసగుస కూడా కొందరి గొంతును అలసటకు గురి చేస్తుంది కనుక, మెల్లగా సహజంగా మాట్లాడమనే ఇప్పుడు చెబుతున్నారు.

మరి ఎప్పుడు చూపించుకోవాలి అంటారా? జలుబుతో బొంగురుపోయిన గొంతు సాధారణంగా రెండు మూడు వారాలలో బాగవుతుంది. నాలుగు వారాలు దాటితే మడతలను చూడాలని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2018లో చెప్పింది. చూడకముందే యాంటీబయాటిక్, స్టెరాయిడ్, ఆమ్లం మాత్రలు అలవాటుగా వ్రాయవద్దని కూడా చెప్పింది. పొగ త్రాగేవారు, మెడలో గడ్డ, మింగుడు కష్టం, కఫంలో రక్తం, ఊపిరి శబ్దం, బరువు తగ్గడం, మెడ లేదా గుండె శస్త్రచికిత్స తరువాత వచ్చిన మార్పు ఉన్నవారు ఆ నాలుగు వారాలు కూడా ఆగరాదు. స్వరపేటిక క్యాన్సరు మడతల మీదనే పుడితే తొలినాళ్లలోనే గొంతు మార్చి హెచ్చరిస్తుంది. తొలిదశలో పట్టుకొంటే నయమయ్యే అవకాశాలు చాలా మెండు. ఇప్పుడు నెల్లూరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, 2014లో వచ్చింది. ముక్కుగుండా పోయే సన్నని గొట్టపు కెమెరాతో కొన్ని నిమిషాలలో మడతలు తెరమీద కనిపిస్తాయి. గార్సియా ఎండ కోసం ఎదురు చూడవలసి వచ్చింది, మనకు ఆ అవసరం లేదు.

మైపాడు పాటగాడిని నేను చెవి, ముక్కు, గొంతు నిపుణుల వద్దకు పంపాను. కఫంలో క్షయ లేదు. కుడి మడత అంచున పాలిప్ ఉంది. జ్వరంతో మొదలైన దగ్గు, దాని మీద రోజూ తెల్లవారుజామున పాట, రోజుకో కట్ట బీడీలు. కోసి తీయాలి, ముందూ వెనుకా గొంతుకు విశ్రాంతి కావాలి అన్నారు. తిరిగి నా వద్దకు వచ్చి, ఆ గరగర గొంతుతోనే మొదటిసారి నాతో మాట్లాడాడు. "ఒడ్డున పాట ఎవురు పాడతారు సార్? మూడు నెలలుగా మా తమ్ముడు పాడతా ఉండాడు, వాడికి ధర నిలబెట్టేది రాదు." ఆయన భయం జబ్బు గురించి కాదు. ఒకసారి చేయి మారిన పాట తిరిగి తన చేతికి రాదని.

అప్పుడు ఫిబ్రవరి నెల. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ అరవై ఒక్క రోజులు ఒడ్డున పాట ఉండదు. నిపుణులతో మాట్లాడాను. చూసిన దానిలో తొందరపడవలసిన అనుమానమేదీ లేదు, అప్పటివరకు ఆగవచ్చునన్నారు. ఫిబ్రవరి నుంచే బీడీ మానాలని, దగ్గును ఆపుకొనే శిక్షణ మొదలు పెట్టాలని షరతు. బీడీ మానడానికి ఆయన మూడుసార్లు ప్రయత్నించాడు, మూడవసారి నిలిచింది. ఏప్రిల్ మూడవ వారంలో శస్త్రచికిత్స జరిగింది. తీసిన ముక్కను పరీక్షకు పంపితే క్యాన్సరు లేదని వచ్చింది. తొలి రోజులలో పూర్తి మౌనం, ఆపైన మెల్లగా మాట. ఇంట్లో మనుమడి పలక తీసుకొని దానిమీద వ్రాసి భార్యకు చూపేవాడట. ఆమెకు చదువు రాదు. మనుమడే చదివి వినిపించేవాడట.

జూన్ మూడవ వారంలో పడవలు తిరిగి దిగాయి. ఆయన పాటకు నిలబడ్డాడు. గొంతు మునుపటి ఎత్తుకు పోలేదు. ఆ మాట నాకు ఆయనే చెప్పాడు. ఇప్పుడు బ్యాటరీతో పని చేసే చిన్న చేతి మైకు కొనుక్కొన్నాడు. వ్యాపారులు మొదట్లో ఎగతాళి చేశారట. వర్షాకాలం గాలులు మొదలయ్యాక ప్రక్క కుప్ప పాడేవాడు కూడా ఒకటి తెచ్చుకొన్నాడట.